మడత చాకు కొనేటప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో చాకులు అమ్మడం, సాన పట్టడం నా వృత్తి. ఉద్దానం నుంచి జీడి, కొబ్బరి రైతులు వస్తారు. కళింగపట్నం వైపు నుంచి చేపల వేటకెళ్లేవాళ్లు, నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఊరికే జేబులో ఒకటి ఉంటే బాగుంటుందనుకునే కాలేజీ కుర్రాళ్లు కూడా వస్తారు. అందరి చూపూ ముందు మెరిసేదాని మీదే పడుతుంది. అది సహజం. కానీ వెయ్యి రూపాయల లోపు చాకులో మెరుపుకి పెట్టిన ఖర్చు ఎక్కడో ఒకచోట మిగల్చాలి కదా. ఎక్కువగా అది ఉక్కులోనూ, ఆ ఉక్కుని కాల్చి చల్లార్చి గట్టిపరిచే పనిలోనూ మిగుల్చుతారు. ఆ రెండూ షాపులో నిలబడి చూస్తే కనిపించవు. అందుకే రోజూ నా దగ్గర వినిపించే మాటల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

అపోహ: బ్లేడు మీద అలల గీతలుంటే దమాస్కస్, అంతకంటే పదునైనది లేదు.

వాస్తవం: జనం అనవసరంగా డబ్బు పోసేది ఎక్కువగా దీని మీదే అని నా అభిప్రాయం. పాత దమాస్కస్ కత్తుల కీర్తి మాత్రం అబద్ధం కాదు. దాని వెనక ఉన్నది మన దక్షిణాదిలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఊళ్లో చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. ఆ ఉక్కులో గీతలు లోపలి నిర్మాణంలోంచే పుట్టేవి.

ఇప్పుడు అదే పేరుతో అమ్మేది వేరు. రెండు రకాల ఉక్కు రేకుల్ని పొరలుగా పేర్చి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి ఒకటిగా అతికిస్తారు. చివర్న యాసిడ్‌లో ముంచితే నికెల్ ఉన్న పొర తెల్లగా నిలుస్తుంది, లేని పొర నల్లబడుతుంది. మనం చూసే అల అదే. మంచి పనివాడి చేతిలో అది గొప్ప విద్య, నాకూ చాలా ఇష్టం. కానీ కోసేది గీత కాదు, అంచు దగ్గరున్న ఉక్కు. ఏ ఉక్కు వాడారు, ఎంత గట్టిపరిచారు అన్నదాన్ని బట్టే పదును నిలుస్తుంది.

ఇక చవగ్గా దొరికే వాటిలో చాలావాటికి అసలు పొరలే ఉండవు. మామూలు స్టెయిన్‌లెస్ మీద లేజర్‌తోనో యాసిడ్‌తోనో వేసిన బొమ్మ అది. కొనేముందు బ్లేడు వెన్ను, అంటే పదునుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు, చూడండి. నిజంగా పొరలుంటే గీతలు ఒక పక్క నుంచి వెన్ను మీదికెక్కి అవతలి పక్కకి దిగుతాయి. బొమ్మయితే మామూలుగా వెన్ను దాకా వచ్చి ఆగిపోతుంది. కొన్నాక తెలుసుకునే దారి కూడా ఉంది. సన్న ఉప్పుకాగితంతో కొద్దిగా రుద్ది, యాసిడ్ రాస్తే, పొరలున్న దాని మీద గీతలు మళ్లీ తేలతాయి. రెండోదాని మీద తేలవు.

సముద్రం పక్కనుండేవాళ్లకి ఇంకో మాట. అసలైన పొరల బ్లేడు చాలావరకు కార్బన్ ఉక్కే, స్టెయిన్‌లెస్ కాదు. ఒక్క రాత్రి ఉప్పుగాలిలో తుడవకుండా వదిలేసినా మచ్చ పడుతుంది.

అపోహ: బ్లేడు ఎంత దళసరిగా ఉంటే చాకు అంత మంచిది.

వాస్తవం: ఇది చేతిలో పట్టుకున్నప్పుడు కలిగే నమ్మకం. బరువుగా ఉంటే విలువైనదనిపిస్తుంది. "గురువుగారూ, ఇది మరీ పల్చగా ఉంది, రెండ్రోజుల్లో వంగిపోదా?" అని అడుగుతారు. వంగదు, ఎందుకంటే జేబు చాకుతో మనం చేసేది కోత, నరకడం కాదు. బొండం చెక్కడానికి కత్తి ఉంది, కొమ్మ నరకడానికి గొడ్డలి ఉంది.

ఒక పచ్చి మామిడికాయ తీసుకుని, నాలుగు మిల్లీమీటర్ల వెన్నున్న చాకుతో కోయండి. సగం లోతు వెళ్లేసరికి ముక్క తెగదు, చీలుతుంది. అంటే బ్లేడు కోయడం మానేసి మేకులా పగలగొడుతోందన్నమాట. వెన్ను రెండు, రెండున్నర మిల్లీమీటర్లుండి, అక్కణ్నుంచి అంచు దాకా సన్నబడుతూ వచ్చిన బ్లేడు చప్పుడు లేకుండా దిగుతుంది. ఫ్రాన్సులో 1890 నుంచి చేస్తున్న ఓపినెల్ చాకుని చూడండి. చెక్క పిడి, పల్చటి బ్లేడు, దాన్ని ఆపే ఒక ఉంగరం, అంతే. పక్కన పెడితే పిల్లల బొమ్మలా ఉంటుంది. కోతలో మాత్రం దానికంటే చాలా రెట్లు ఖరీదైన వాటిని ఓడిస్తుంది.

వెన్ను కంటే ముఖ్యమైన కొలత ఇంకోటుంది. పదును మొదలయ్యే చోటికి సరిగ్గా పైన బ్లేడు ఎంత మందం ఉంది? అర మిల్లీమీటరు దాటితే మీరు ఎంత సాన పట్టించినా కాగితం కోస్తుంది గానీ కాయ కోయదు. ఆ పదును కోణం ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీలుంటే రోజువారీ పనికి సరిపోతుంది. దళసరి చాకు కొనేసి "దీన్ని సన్నం చేసిపెట్టండి" అని తెచ్చేవాళ్లున్నారు. చేయొచ్చు, కానీ నీళ్లు పోస్తూ రాయి మీద ఓపిగ్గా చేయాలి. పొడి గ్రైండర్ చక్రానికి పెడితే నిప్పురవ్వలు అందంగా ఎగురుతాయి, అంచు మాత్రం నీలంగా మారుతుంది. నీలం రంగు వచ్చిందంటే ఉక్కు సుమారు 300 డిగ్రీల దాకా కాగింది. మామూలు కార్బన్ ఉక్కయితే అక్కడ గట్టిదనం తగ్గిపోయినట్టే.

అపోహ: స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు, నల్ల కోటింగు ఉంటే అసలే పట్టదు.

వాస్తవం: ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే స్టెయిన్‌లెస్ అంటారు. ఆ క్రోమియం పైన కంటికి కనపడని ఒక పొర కడుతుంది, తుప్పుని ఆపేది అదే. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. బారువ, కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చే చాకుల మీద నేను చూసేది ఇదే: పైన నిగనిగ, మడత లోపల సూదిమొనంత గుంటలు. డీ2 అనే ఉక్కుని కొందరు స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్ముతారు. అందులో క్రోమియం సుమారు 12 శాతం ఉన్న మాట నిజమే. కానీ కార్బన్ కూడా ఎక్కువ కాబట్టి చాలా క్రోమియం దానితోనే కలిసిపోతుంది, కాపలాకి మిగిలేది తక్కువ. పదును బాగా నిలుస్తుంది, పడవ మీదికి మాత్రం వద్దు.

కోటింగు సంగతి చిన్నది. సాన పట్టినప్పుడు అంచు మీది కోటింగు అరిగిపోతుంది. అంటే కోసే చోట ఉక్కు నగ్నంగానే ఉంది. బ్లేడు పక్కలకి అది కొంత కాపు కాస్తుంది, నెలల వాడకంలో గీతలు పడి పోతుంది.

జీడితోటల వాళ్లు ఇంకో ఫిర్యాదు తెస్తారు: "కొత్త చాకు ఒక్క రోజులో నల్లబడిపోయింది, నకిలీ సరుకేమో." జీడిమామిడి పండు రసంలో టానిన్లుంటాయి. అవి కార్బన్ ఉక్కులోని ఇనుముతో కలిస్తే నీలి నలుపు వస్తుంది. అది తుప్పు కాదు. ఆ నలుపు ఒకసారి స్థిరపడితే ఎర్ర తుప్పు కొంచెం ఆలస్యంగా పడుతుంది కూడా. చూడ్డానికి బాగోలేదని బూడిదేసి తోమకండి. కడిగి, తుడిచి, చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

అపోహ: బ్లేడు మీద 440 అని చెక్కి ఉంటే మంచి ఉక్కు.

వాస్తవం: 440 అనేది స్టెయిన్‌లెస్ ఉక్కులో ఒక వర్గం పేరు. అందులో 440ఏ, 440బీ, 440సీ అని మూడున్నాయి, కార్బన్ మూడింట్లోనూ వేరు. అక్షరం లేని అంకె ఏమీ చెప్పదు.

అపోహ: టక్కున తెరుచుకుని గట్టిగా చప్పుడు చేస్తే లాక్ బలంగా ఉన్నట్టు.

వాస్తవం: లాక్ అంటే తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోకుండా ఆపేది. చప్పుడు స్ప్రింగుది. బలం తెలియాలంటే చాకు తెరిచి, బ్లేడు వెన్నుని చెక్కబల్ల మీద ఆనించి, వేళ్లు మడత దారిలో లేకుండా పిడి పట్టుకుని మెల్లగా నొక్కాలి. కొంచెమైనా కదిలితే పక్కన పెట్టేయండి. తర్వాత బ్లేడుని అటూ ఇటూ ఊపి చూడాలి. లోపలి రేకు పక్కకి జరిగి బ్లేడుని ఆపే రకమైతే, ఆ రేకు బ్లేడు మడమ కింద పూర్తిగా ఆనిందా లేక కొసతో అంటీ అంటనట్టుందా అన్నది తొంగి చూడాలి. స్విట్జర్లాండ్ ఎర్ర చాకుల్లో చిన్నవాటికి అసలు లాకే ఉండదు, వెన్ను స్ప్రింగు మాత్రమే. కాయలకీ పురికొసకీ అది చాలు. కానీ మొన గుచ్చి తిప్పే పనులకి వాటిని వాడకూడదు, వేళ్ల మీదికి మడుచుకుంటుంది.

ఓపినెల్ ఉంగరం లాక్ 1955లో వచ్చింది. తిప్పితే పడుతుంది, తిప్పితే వదులుతుంది, చప్పుడు లేదు. మన వానాకాలంలో దాని చెక్క పిడి తేమ పీల్చి ఉబ్బితే తెరవడం కష్టమవుతుంది. ఇది నిజమైన లోపమే, కొనేవాళ్లకి ముందే చెబుతాను.

ఒక చేత్తో తెరిచే ఏర్పాటుని సోకు అని తోసిపుచ్చేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పడవ మీద ఒక చేత్తో తాడు పట్టుకుని ఉన్న చేపల వేటగాడికి చాకు తెరవడానికి మిగిలేది ఒక్క చెయ్యే. అతనికి అది ప్రాణావసరం. వంటింట్లో పాలప్యాకెట్టు కోసేవాళ్లకి అక్కర్లేదు. ఇంకోటి, లోపల ఎంత క్లిష్టంగా ఉంటే ఇసుక, పనస జిగురు అంత బాగా ఇరుక్కుంటాయి. పనస కోసేముందు బ్లేడుకీ, మడత కీలుకీ నూనె రాయండి. పిడికి మాత్రం అంటనివ్వకండి.

అపోహ: మొన సూదిలా ఉంటేనే చాకు.

వాస్తవం: పడవ ఊగుతుంటే సూదిమొన వలకి, తొడకి, పక్కవాడికి ప్రమాదం. అందుకే నావికుల చాకులకి అంచు తిన్నగా ఉండి, వెన్ను ముందుకొచ్చి మొనని మూసేస్తుంది. చూస్తే విరిగిపోయిన చాకులా ఉంటుంది, కళింగపట్నం కుర్రాళ్లు ముందు దాన్ని ముట్టుకోరు. నైలాన్ తాడుకి అంచులో కొంత భాగం రంపపు పళ్లున్నా మంచిదే, కానీ అదే పళ్లు మామిడి అంటుకి పనికిరావు, బెరడుని చింపేస్తాయి. పళ్లని ఇంట్లో సాన పట్టుకోవడమూ కష్టం.

అంటు చాకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా షాపులో అన్నిటికంటే సాదాగా కనిపించేది అదే, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. జీడికి లేతకొమ్మ అంటు కట్టాలన్నా, మామిడికి కట్టాలన్నా కోత అద్దంలా తిన్నగా రావాలి. బెరడు కింద ఉండే పచ్చటి పొర రెండు పుల్లల్లోనూ ఒకదానికొకటి ఆనితేనే అంటు పట్టుకుంటుంది. ఆ చాకుకి ఒక పక్కే పదును ఉంటుంది, రెండో పక్క పలకలా తిన్నగా ఉంటుంది. మామూలు చాకుకి రెండు పక్కలా పదును కాబట్టి కోత కొద్దిగా వంగి వస్తుంది, మధ్యలో సందు మిగులుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకి అవతలి పక్క పదునున్నది వేరే తీసుకోవాలి. ఇది తెలియక నర్సరీ పనివాళ్లు కుడిచేతి చాకుతో అవస్థ పడుతుంటారు. రాయి మీద పెట్టేటప్పుడు తిన్నటి పక్కకి కోణం ఇవ్వకండి, పూర్తిగా పరిచి రుద్దండి.

అపోహ: వేళ్లకి గాడులున్న పిడి పట్టు బాగా ఇస్తుంది.

వాస్తవం: ఆ గాడులు ఎవరి వేళ్లకి కొలిచారో వాళ్లకే. అడ్డంగా పట్టినప్పుడు, తిప్పి పట్టినప్పుడు అవి నొక్కుతాయి. నిగనిగలాడే స్టీలు పిడి చెమటకీ చేపనూనెకీ జారుతుంది. చెక్క, కొమ్ము, గరుకు ఫైబరు మేలు. ఇత్తడి అంచులు తుప్పు పట్టవు, చిలుము పడితే మన బుడితి ఇత్తడి వస్తువులకి చేసినట్టే చింతపండు రుద్ది కడగొచ్చు, కీలులోకి పులుపు పోకుండా చూసుకోవాలి.

అపోహ: పనిముట్టుకి అందం అక్కర్లేదు.

వాస్తవం: ఇది రెండో చివర, దీన్నీ ఒప్పుకోను. మనసుకి నచ్చిన చాకుని మనిషి తుడుస్తాడు, నూనె రాస్తాడు, ఎక్కడ పడితే అక్కడ వదిలెయ్యడు. నచ్చనిది సైకిల్ డబ్బాలో తుప్పు పడుతుంది. పైగా కొన్ని అందాలు పనితనానికి సాక్ష్యం. మూసినప్పుడు బ్లేడు రెండు పక్కల మధ్యలో సరిగ్గా కూర్చోవడం, పదును గీత మొదలు నుంచి మొన దాకా ఒకే వెడల్పు ఉండటం, రివెట్టు మీద గోరు ఆడిస్తే తగలకపోవడం, పిడికీ లోపలి రేకుకీ మధ్య వెలుతురు కనపడకపోవడం. వీటి కోసం నేను రెండు వందలు ఎక్కువ పెట్టమంటాను. పులి బొమ్మ, డ్రాగన్ బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల కోసం ఒక్క రూపాయి కూడా వద్దంటాను.

అపోహ: జేబులో చాకు ఉంటేనే నేరం.

వాస్తవం: ఆయుధాల చట్టం 1959 కింద ఉన్న నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంటుంది, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన వాటిని అందులోంచి మినహాయించారు. మూడంగుళాల మడత చాకు దానికి చాలా దూరం. అయినా బస్టాండు దగ్గర తనిఖీలో బాకులా నల్లగా, రెండు పక్కలా పదునుతో కనిపించేదానికి వచ్చే ప్రశ్నలు చెక్కపిడి చాకుకి రావు. ఏ పనికి తీసుకెళ్తున్నారో చెప్పగలిగేలా ఉండాలి. విమానం ఎక్కేటప్పుడు మాత్రం ఎంత చిన్నదైనా చేతి సంచిలో పెట్టుకోనివ్వరు, లోపలికి వేసే సామానులో పెట్టండి.