కర్చీఫ్ వేసిన తారీఖు

విజయవాడ, గాంధీనగర్

చిరంజీవులు అమ్ములుకీ, బాబీకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో బాబీ నన్ను కడిగేశాడు. వాడి హీరో సినిమా మళ్ళీ వాయిదా పడిందట. ఆ రోజు ట్యూషన్ ఎగ్గొట్టడానికి కడుపునొప్పి కూడా ముందే రెడీ చేసుకున్నాడట, అదీ వృథా అయింది. "గాంధీనగర్ సినిమా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేశావుగా తాతయ్యా, అసలీ తారీఖులు ఎవరు పెడతారు?" అన్నాడు. పక్కనుంచి అమ్ములు "పంచాంగం చూసి పెడతారు" అంది. ఫోన్‌లో తేలే సంగతి కాదు గనక కాగితం తీశాను.

ఇద్దరూ సగం సగం కరెక్టు. పోస్టరు మీద తేదీ వేసేది నిర్మాత. పంతులుగార్ని అడిగే నిర్మాతలూ ఉన్నారు. కానీ మీ అమ్మ పెళ్ళప్పుడు ఏం జరిగిందో తెలుసా? పంతులుగారు మూడు ముహూర్తాలు రాసిచ్చారు. అందులో రెండింటికి గుంటూరులో కల్యాణమండపం దొరకలేదు. దొరికిన మూడోదే దివ్యమైన ముహూర్తమని అందరం ఒప్పేసుకున్నాం. సినిమా తారీఖూ అంతే. మండపం బదులు థియేటరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రిప్రజెంటేటివ్‌ని. మద్రాసు నుంచి రైల్లో వచ్చిన ప్రింటు బాక్సుని స్టేషన్లో దించుకుని, దానితోపాటు బస్సెక్కి గుడివాడో, నూజివీడో, బందరో వెళ్ళాలి. ఆటకెన్ని టికెట్లు తెగాయో లెక్కపెట్టి రాత్రికి డీసీఆర్ రాయాలి. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ల కాగితం. ఇనప రీళ్ళున్న బాక్సు బరువు మోసినవాడికే తెలుస్తుంది. ప్రింటు తయారీకి ఖర్చెక్కువ గనక జిల్లాకి కొన్నే వచ్చేవి. ముందు బెజవాడ, గుంటూరు లాంటి పెద్ద ఊళ్ళలో ఆడి, నెలల తర్వాత అరిగిన ప్రింటుతో పల్లెటూరి టూరింగ్ టాకీసుకి చేరేది. మొదటి వారం జనం లేకపోయినా రెండో వారానికి అందుకునేది. నూరు రోజులు ఆడాల్సిన బొమ్మ పది రోజులు అటూ ఇటూ వస్తే ఏమిటని అనుకునేవాళ్ళం.

ఆ రోజులు అమెరికాలో మాకంటే ముందే పోయాయి. 1975 జూన్ 20న జాస్ అనే సొరచేప సినిమాని నాలుగు వందలకు పైగా థియేటర్లలో ఒకేసారి వేశారు, ముందునుంచీ టీవీలో ప్రకటనలు హోరెత్తించి. అంతకుముందు అక్కడా పెద్ద సినిమాలు కొన్ని నగరాల్లో మొదలై మెల్లగా పాకేవే. రెండేళ్ళకి మే నెలాఖరులో స్టార్ వార్స్ వచ్చి, బడి సెలవుల్లో పెద్ద సినిమా అనే అలవాటుని అక్కడ స్థిరపరిచింది.

ఇప్పుడు మనకీ బాక్సుల్లేవు. సినిమా డిజిటల్‌గా థియేటరుకి చేరుతుంది, తాళం తీసే కోడ్ వస్తేనే తెర మీద పడుతుంది. అన్ని ఊళ్ళలో ఒకే పొద్దున మొదలు. అమెరికాలో మనకంటే ముందే ప్రీమియర్లు పడతాయి కాబట్టి ఇక్కడ మార్నింగ్ షోకి క్యూ కట్టేసరికే టాక్ మీ ఫోన్లలో ఉంటుంది. అందుకే డబ్బంతా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే రావాలి.

కాస్త లెక్క చేద్దాం, అమ్ములుకి ఇష్టంగా. ఒక ఊళ్ళో ఇరవై తెరలున్నాయనుకోండి. రోజుకి నాలుగు ఆటల చొప్పున ఎనభై ఆటలు. పెద్ద సినిమా ఒక్కటే వస్తే ఎనభైలో దాదాపు అన్నీ దానివే. అదే రోజు ఇంకో పెద్ద సినిమా దిగిందా, నలభై నలభై. రెండూ బాగున్నా సరే, నలభై ఆటల్లో కూర్చునే జనమే కూర్చుంటారు. మిగతావాళ్ళు సోమవారం వద్దామనుకుంటారు, సోమవారం ఆఫీసుంటుంది. నిర్మాత తారీఖు అడుగుతున్నాడంటే అడిగేది రోజుని కాదు, ఆ రోజు ఖాళీగా ఉన్న తెరల్ని.

అందుకే సినిమావాళ్ళు 'డేట్‌కి కర్చీఫ్ వేశారు' అంటారు. పండగ రద్దీలో మన బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ పడేయడం చూశారుగా, అచ్చం అదే. సినిమా సగం కూడా తీయకముందే వచ్చే సంక్రాంతి మాదని పోస్టరు వదుల్తారు, మిగతావాళ్ళు జంకుతారని. హాలీవుడ్‌లో ఇంకా ముదుర్లు. సినిమాకి పేరైనా పెట్టకుండా ఏళ్ళ ముందే ఫలానా శుక్రవారం మాదని ప్రకటిస్తారు. పేరు లేని మార్వెల్ సినిమాలు అలా ఎన్నో తారీఖులు పట్టుకుని కూర్చున్నాయి.

మరి అందరూ సంక్రాంతి కోసమే ఎందుకు కొట్టుకుంటారు? దీనికి జవాబు సినిమాలో లేదు, పొలంలో ఉంది. కృష్ణా డెల్టాలో వరి కోతలై ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజులవి. కొత్త అల్లుళ్ళొస్తారు, హైదరాబాదు సగం ఖాళీ అయి మన ఊళ్ళు నిండుతాయి. ఇంటికి పదిమంది చేరితే కనుమ రోజు మాంసం భోజనం అయ్యాక చేసేదేముంది, సినిమా. మామూలు వారం ఇద్దరు వచ్చే ఇంట్లోంచి ఆ వారం ఎనిమిదిమంది వస్తారు. ఆ మూడు నాలుగు రోజులూ మూడు సినిమాల్నైనా మోస్తాయి. 2017లో ఖైదీ నంబర్ 150, గౌతమిపుత్ర శాతకర్ణి, శతమానం భవతి నాలుగు రోజుల తేడాలో వచ్చి మూడూ నిలబడ్డాయి. ఆ వారం మా ఆఫీసులో టీ కుర్రాడికి కూడా కూర్చునే తీరిక లేదు.

మూడు సరే, ఐదు? 2024 సంక్రాంతికి ఐదు సినిమాలు కర్చీఫులు వేశాయి. పెద్దలు కూర్చుని మాట్లాడితే ఈగల్ ఒక్కటి వెనక్కి తగ్గి ఫిబ్రవరి 9కి వెళ్ళింది. మీ ఊరి పేరు పెట్టుకున్న గుంటూరు కారం, పెద్ద హీరో లేని హనుమాన్ ఒకే రోజున, జనవరి 12న దిగాయి. తెరలన్నీ పెద్ద సినిమా పట్టుకుపోతే హనుమాన్‌కి మొదటి రోజు మన రాష్ట్రాల్లో దొరికినవి తక్కువే. తర్వాత జనమే దానికి తెరలు పెంచారు. ఆ సంక్రాంతికి అన్నిటికంటే పెద్ద హిట్టు అదే. నా లెక్క తప్పుతుందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీ గుంటూరు సంగతి కొంచెం వేరు. మార్చి, ఏప్రిల్‌లో మిర్చి యార్డు ముందునుంచి వెళ్తే తుమ్ములొస్తాయే, ఆ రోజుల్లో రైతు చేతిలో డబ్బాడుతుంది. అందుకని వేసవి సినిమా గుంటూరు ఏరియాకి మంచిదని మావాళ్ళు లెక్కేసేవారు. కానీ మార్చి అంటే పరీక్షలు. ఇంటర్, టెన్త్ పిల్లలున్న ఇంట్లో టీవీయే పెట్టరు, ఇక సినిమాకెవరు వస్తారు? అవి అయ్యేసరికి ఐపీఎల్ సాయంత్రం ఆటల్ని మింగుతుంది. దసరాకి బెజవాడ బాగుంటుంది. దుర్గమ్మ దర్శనానికి వచ్చినవాళ్ళు రాత్రి బస్సుకి టైముందని సెకండ్ షోకి దూరేవాళ్ళు. ఏరియా అంటే గుర్తొచ్చింది, రాయలసీమని మావాళ్ళు ఇప్పటికీ సీడెడ్ అంటారు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి వదిలేసిన జిల్లాలన్న పేరది. మీ హిస్టరీ పుస్తకంలో ఒక లైను, మా డీసీఆర్‌లో రోజూ రాసే మాట.

ఇక అమ్ములు చెప్పిన పంచాంగం. సెంటిమెంట్లు లేవని అబద్ధం చెప్పను. ఏప్రిల్ 28నే తీసుకోండి. 1977లో అడవి రాముడు, 2006లో పోకిరి, 2017లో బాహుబలి రెండో భాగం, మూడూ ఆ తారీఖునే వచ్చాయి. వరస చూస్తే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే 2023లో అదే ఏప్రిల్ 28న వచ్చిన ఏజెంట్ నిలబడలేదు. బాహుబలి మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది. అది అధిక ఆషాఢం, మీ బామ్మ కొత్త చీపురైనా కొననివ్వని నెల! పైగా దానికి తెరలు కావాలని, అదే జులై 17న రావాల్సిన శ్రీమంతుడు ఆగస్టు 7కి జరిగింది. అది రెండు సినిమాలకీ మంచిదే అయింది.

మే 9 కథ మాత్రం నేను కళ్ళారా చూసింది. 1990లో ఆ రోజు జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదల. అదే రోజు పెద్ద తుపాను కృష్ణా జిల్లా తీరాన్ని తాకింది. గాలికి రేకులు లేస్తున్నాయి, కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు. సినిమా మునిగిందని ఆఫీసులో అందరం తలలు పట్టుకున్నాం. నీళ్ళు తీశాక జనం వచ్చిన తీరు చూడాలి, తడిసిన గొడుగులతో లైన్లు. ఇండస్ట్రీ హిట్టయింది. అది తీసిన వైజయంతీ బ్యానర్‌కి మే 9 అచ్చొచ్చిందని పేరు వచ్చింది. 2018లో మహానటి, 2019లో మహర్షి ఆ తారీఖునే వేశారు. 2024లో కల్కిని కూడా మే 9నే అన్నారు. కానీ మే 13న ఎన్నికల పోలింగు. ఊరంతా మైకులు మోగుతుంటే సినిమాకి ఎవరు వస్తారు? జూన్ 27కి జరిపారు. సెంటిమెంటు మీద ఎంత ప్రేమ ఉన్నా తెర ముందు జనం ముఖ్యం.

వాయిదా ఎందుకు పడుతుందని కదా బాబీ అసలు బాధ. మామూలుగా గ్రాఫిక్స్ పూర్తి కాక. వంద చోట్ల కంప్యూటర్ల మీద పని నడుస్తుంటే ఒక చోట ఆలస్యమైనా మొత్తం ఆగుతుంది. టైటానిక్ అంతటిది కూడా 1997 జులైలో రావాల్సి, పని తెమలక డిసెంబరుకి వెళ్ళింది. ఆర్‌ఆర్‌ఆర్ 2020 జులై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8, అక్టోబరు 13, 2022 జనవరి 7. మొదటిసారి షూటింగ్ తెమల్లేదు, ఆ తర్వాత కరోనా అడ్డొచ్చింది. చివరికి 2022 మార్చి 25న వచ్చింది.

ఒక పెద్దాయన సీటు మారితే బస్సంతా లేచి సర్దుకోవాలి. సలార్ 2023 సెప్టెంబరు 28 నుంచి తప్పుకోగానే, 15న రావాల్సిన స్కంద ఆ ఖాళీలోకి వెళ్ళింది. సలార్ డిసెంబరు 22న కూర్చుంది. అక్కడే ఉన్న సైంధవ్ లేచి సంక్రాంతికి వెళ్ళింది, 21న ఉన్న హాయ్ నాన్న రెండు వారాలు ముందుకి జరిగి 7న వచ్చేసింది.

ముందుకి జరగడం అరుదు. అత్తారింటికి దారేది 2013 ఆగస్టులో రావాలి. సమైక్యాంధ్ర ఉద్యమం, మన ఊళ్ళన్నీ బంద్‌లు, అక్టోబరుకి తోశారు. ఈలోగా సగం సినిమా బయటికి పొక్కింది, సీడీలు మన కృష్ణా జిల్లా పెడనలోనే దొరికాయి. ఇక ఆగలేక సెప్టెంబరు 27నే వేశారు. దాన్ని ఏ పంతులు పెట్టాడంటావు?

వాయిదాతో నీకు పోయింది ఒక కడుపునొప్పి. మావాళ్ళకి పోయేది వేరు. నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకో. వంద కోట్లు అప్పున్న సినిమా నెల జరిగితే రెండు కోట్లు అదనం. ఆ డబ్బు తెర మీద ఎక్కడా కనబడదు. ఒకసారి మా ప్రొప్రయిటరుగారు కృష్ణా జిల్లా హక్కులు కొన్నారు, సినిమా పేరొద్దు. సంక్రాంతి అని అప్పు తెచ్చి అడ్వాన్సు కట్టారు. జరిగి జరిగి అది ఉగాది దాటాక వచ్చింది. మేం మాట్లాడుకున్న థియేటర్లు అప్పటికి వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. సినిమా పోయిందనలేను, పర్వాలేదు. పోయింది వడ్డీ. ఆ ఏడాది మాకు దసరా బోనస్ లేదు, మీ అమ్మకి కొంటానన్న సైకిలు మరుసటేడు కొన్నాను. అది ఇప్పటికీ గుర్తు చేస్తుంది, అడగండి.

ఈ మధ్య ఓటీటీవాళ్ళు కూడా తారీఖులో చేయి పెడుతున్నారు. ముందే కొనుక్కున్నారు గనక, ఫలానా నెలలో మా యాప్‌లో రావాలి, దానికి ముందు మీ థియేటరు ముచ్చట తీర్చుకోండి అంటారు. ఆ బేరాలు నేను రిటైరయ్యాక వచ్చినవి, మా కాలంలో ఇన్ని తలకాయలు లేవు. టికెట్ రేటు పెంచాలంటే ప్రభుత్వం జీవో ఇవ్వాలి, దాని కోసం చివరి రోజు అర్ధరాత్రి దాకా కాచుకోవడం ఒకటి.

చివరిగా బాబీ అడిగిన రెండో ప్రశ్న, పోస్టరు మీద తేదీని ఎప్పుడు నమ్మాలి అని. నేనైతే ఇలా చూస్తాను. ఏడాది ముందు వేసింది కర్చీఫ్, దాన్ని పట్టించుకోను. రెండు నెలల్లో విడుదల అంటూ ఇంకా షూటింగ్ ఫొటోలే వస్తుంటే నవ్వుకుంటాను. పాటలు ఒక్కోటీ వదులుతుంటే కాస్త ఆశ. సెన్సార్ అయ్యిందంటే సగం నమ్మకం. మన గాంధీనగర్ థియేటరు ముందు కటౌట్‌కి కర్రలు కడుతుంటే అప్పుడు నమ్ముతాను. అవి కట్టే రోజు నేనే ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ట్యూషన్‌కి వెళ్ళు.

మీ
తాతయ్య