గ్రూప్ రైడ్ అపోహలు – వాస్తవాలు: మీ వెనక ఉన్న మనిషికి ఏం కనిపిస్తోంది?

హైదరాబాద్ శివార్లలోని నార్సింగి నుంచి ఆదివారాలు తెల్లవారుజామున బయల్దేరే ఒక సైకిల్ బ్యాచ్‌ని నేను తొమ్మిదేళ్లుగా నడిపిస్తున్నాను. కొత్తగా చేరేవాళ్లలో చాలామంది సైకిల్ బాగానే తొక్కుతారు. ముప్పై నలభై కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లొచ్చిన అలవాటు ఉంటుంది. ఇబ్బంది పదిమందిలో కలిశాకే మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు పక్కకి జరగడం మన ఇష్టం. గ్రూప్‌లో మన వెనక మరో చక్రం ఉంటుంది, ఆ మనిషికి మన వీపు తప్ప రోడ్డు పెద్దగా కనిపించదు. నేను వినే అపోహలు దాదాపు అన్నీ ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ముందువాళ్ల చక్రానికి ఎంత అంటుకుంటే అంత లాభం.

ఇందులో సగం నిజం ఉంది. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో, చదునైన రోడ్డు మీద, మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ముందు ఒకరుంటే కాళ్లకి ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి తొక్కినవాళ్లకి తెలుసు. కానీ అదే వేగంలో మనం సెకనుకి ఎనిమిది మీటర్లకి పైగా వెళ్తుంటాం. ముందువాళ్లు బ్రేక్ వేశారని గమనించి మన వేళ్లు కదిలేలోపే అర మీటరు ఖాళీ అయిపోతుంది. అందుకే కొత్తవాళ్లని ఒక సైకిల్ పొడవు దూరం ఉంచమంటాను. అక్కడ కూడా గాలి నుంచి మంచి ఆసరా దొరుకుతుంది. కళ్లు మాత్రం చక్రం మీద కాదు, ముందువాళ్ల భుజం మీదుగా దూరంగా ఉండాలి.

దగ్గరగా ఉండటం కన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. మన ముందు చక్రం వాళ్ల వెనక చక్రం పక్కకి చొచ్చుకుపోవడం. వాళ్లు గుంత తప్పించడానికి జానెడు జరిగినా రెండు చక్రాలు రాసుకుంటాయి, పడేది దాదాపు ప్రతిసారీ వెనకవాళ్లే. మనకి తెలియకుండానే ముందు చక్రాన్ని అటూ ఇటూ కాస్త తిప్పుతూ సైకిల్‌ని నిలబెట్టుకుంటాం. ఆ తిప్పే వీలు పోయిందంటే క్షణంలో నేల మీద ఉంటాం. నా రెండో ఏడాది, చేవెళ్ల రోడ్డులో మర్రిచెట్ల కింద, నేనలాగే పడ్డాను. నా ముందున్న అన్నకి తగిలినట్టు కూడా తెలియలేదు. అరుపు వినే ఆగాడు. నా కాలర్ బోన్ విరిగింది. ఆయన తప్పు ఏమీ లేదు, అక్కడ చక్రం పెట్టింది నేనే.

అపోహ: మన వంతు వచ్చి ముందుకెళ్లాక సత్తా చూపించాలి.

ముందున్నవాళ్ల పని వేగం పెంచడం కాదు, ఉన్న వేగాన్ని నిలబెట్టడం. 28లో వెళ్తున్న బ్యాచ్‌ని ఒకరు 32కి లాగితే రెండో మనిషికి పెద్దగా తేడా తెలియదు, పదో మనిషికి ఊపిరి అందదు. యూటర్న్ తర్వాత, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా ఇదే జరుగుతుంది. ముందువాళ్లు దాటి మళ్లీ వేగం అందుకునేసరికి చివరివాళ్లు ఇంకా బ్రేక్ మీదే ఉంటారు. ఆ తర్వాత ఖాళీ పూడ్చడానికి వాళ్లు ప్రాణం పెట్టి తొక్కాలి. అందుకే దాటిన వెంటనే ఓ పది సెకన్లు నెమ్మదిగా వెళ్లండి.

దీనివల్లే ఇంకో అలవాటు కూడా తప్పని చెబుతాను. బలం తక్కువున్నవాళ్లు మొహమాటంతో చివరికి వెళ్లిపోతారు. రబ్బరులా సాగి ముడుచుకునే ఈ వరసలో అందరికన్నా ఎక్కువ అలిసిపోయే చోటు అదే. వాళ్లని మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో ఉంచుకోవాలి. చివర అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి.

అపోహ: చెయ్యి చూపించాక మన బాధ్యత అయిపోయినట్టే.

గుంత మీదకి వచ్చేశాక చూపిస్తే వెనకవాళ్లకి టైమ్ ఉండదు. ముందుగా చూపించి, మెల్లగా జరగాలి. బ్రేక్ మీద చెయ్యి అవసరమైనప్పుడు సిగ్నల్ కోసం హ్యాండిల్ వదలొద్దు, నోటితో చెప్పండి చాలు. “గుంత”, “బ్రేకర్”, “స్టాప్”, వెనక నుంచి బండి వస్తే “కార్ బ్యాక్”. విన్న ప్రతి ఒక్కరూ మళ్లీ అనాలి, లేకపోతే మాట మధ్యలోనే ఆగిపోతుంది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కేటప్పుడు చాలామందికి తెలియని విషయం: సీటు మీద నుంచి లేచి నిలబడే క్షణంలో, వెనకవాళ్ల కంటికి మన సైకిల్ కాస్త వెనక్కి తన్నినట్టే ఉంటుంది. లేస్తూ పెడల్‌ని గట్టిగా తొక్కితే ఆ కుదుపు తగ్గుతుంది. “లేస్తున్నా” అని ఒక్క మాట అంటే ఇంకా మంచిది.

అపోహ: కుక్క తరిమితే స్పీడ్ పెంచి తప్పించుకోవాలి.

ఒంటరిగా ఉంటే ఏమో కానీ, గ్రూప్‌లో మాత్రం వద్దు. కుక్క కరవడం కన్నా, ఒకరు బెదిరి పక్కకి కోసేయడం వల్ల నలుగురు పడటమే నేను ఎక్కువగా చూశాను. “కుక్క, ఎడమ” అని అరవండి, గీత తప్పకుండా, వేగం కాస్త తగ్గించి వెళ్లండి.

లైట్ల గురించి: వెనక ఎర్రలైట్ బ్లింక్ అవ్వాల్సింది చివరి సైకిల్‌కే. మధ్యలో ఉన్నవాళ్లు కదలని లైట్ పెట్టుకోండి, లేకపోతే వెనకున్నవాళ్లు చీకట్లో గంటసేపు ఆ మినుకు చూస్తూ తొక్కాలి. ఇయర్‌ఫోన్ ఒక చెవిలో ఉన్నా నా బ్యాచ్‌లో ఒప్పుకోను.

ఇద్దరిద్దరుగా వెళ్లడం తప్పా అని అడుగుతారు. ఖాళీగా ఉన్న వెడల్పు సర్వీస్ రోడ్డులో వరస పొట్టిగా ఉంటే వెనక బండ్లు త్వరగా దాటిపోతాయి. లారీలు తిరిగే ఇరుకు రోడ్డు మీద మాత్రం ఒకరి వెనక ఒకరు, అదీ ఆరుగురేసి, మధ్యలో బండి దూరేంత ఖాళీ వదిలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద కార్లు లేవు కాబట్టి పూర్తి వేగంతో వెళ్లొచ్చనుకోవడం కూడా పొరపాటు. అక్కడ పిల్లలు ఇప్పుడిప్పుడే బ్యాలెన్స్ నేర్చుకుంటుంటారు.

అపోహ: పంక్చర్ అయినవాళ్ల కోసం ఆగితే రైడ్ పాడవుతుంది.

బ్రెవే అంటే ఇచ్చిన టైమ్‌లోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్. 200 కిలోమీటర్ల బ్రెవేకే పదమూడున్నర గంటల టైమ్ ఇస్తారు. ఆదివారం రైడ్‌లో ట్యూబ్ మార్చడానికి పదిహేను నిమిషాలు దొరకవా? ఆగేటప్పుడు ముందు చెప్పి, ఎడమకి జరిగి, సైకిల్‌ని తెల్లగీత దాటించి మట్టి మీదకి ఎత్తి పెట్టండి. మిగతావాళ్లు కూడా రోడ్డు దిగే నిలబడాలి. ఒకరు మాత్రం ఇరవై అడుగులు వెనక, రోడ్డు దిగే, వచ్చే బండ్లకి లైట్ చూపిస్తూ ఉండాలి.