బ్యాంకులో కొన్న బాండ్ బ్యాంకు డిపాజిట్ కాదు: అపోహలు – వాస్తవాలు

"బ్యాంకులోనే కొన్నానండీ, ఎక్కడికి పోతుంది?" ఈ మాట నెలకు రెండుసార్లైనా వింటాను. మొన్న ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫైలు పట్టుకుని వచ్చారు. అట్ట మీద బాల్‌పెన్నుతో "ఎఫ్‌డీ 9.5%" అని గుండ్రంగా రాసుకున్నారు. లోపలున్నది ఒక ఫైనాన్స్ కంపెనీ ఎన్‌సీడీ, అంటే షేర్లుగా మారని బాండ్. అదీ అన్‌సెక్యూర్డ్ (తాకట్టు లేనిది), సబార్డినేటెడ్ (కంపెనీ మునిగితే మిగతా అప్పులు తీరాకే దీని వంతు). ఆవిడ తప్పేం లేదు. ముప్ఫై ఏళ్లు జీతం పడిన బ్యాంకును నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతారు?

కానీ అక్కడ బ్యాంకు అమ్మిపెట్టే ఏజెంటు మాత్రమే. మన దగ్గర అప్పు తీసుకున్నది కంపెనీ. డిపాజిట్‌కైతే 5 లక్షల దాకా డీఐసీజీసీ (రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ) బీమా ఉంటుంది, బాండ్‌కు ఒక్క రూపాయి కూడా ఉండదు. స్వయంగా బ్యాంకే జారీ చేసిన బాండైనా అంతే. 2020 మార్చిలో యెస్ బ్యాంక్‌ను నిలబెట్టినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది. 8,400 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఏటీ1 బాండ్లను (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేసే వీలున్నవి) మాత్రం రద్దు చేసేశారు. డిపాజిట్లు తీసి వాటిలో పెట్టిన పెద్దవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

"ట్రిపుల్ ఏ (అన్నిటికన్నా పై రేటింగు) ఉంది, భయం లేదు" అంటారు. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీకీ ఉండేది, 2018 సెప్టెంబరులో "డి"కి, అంటే ఎగవేత రేటింగుకు పడిపోయింది. "సెక్యూర్డ్" అంటే తాకట్టు ఉందని అర్థం, అంతే. అది అమ్ముడై డబ్బు చేతికొచ్చేసరికి ఏళ్లు పట్టొచ్చు.

ఇక ప్రభుత్వ బాండ్లు మునిగిపోతున్నాయని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలను దయచేసి పట్టించుకోకండి. అక్కడ ఎగవేత భయం దాదాపు లేదు. ఉన్నది ధర రిస్కు. 7 శాతం వడ్డీతో పదేళ్ల బాండ్ లక్షకు కొన్నాక మార్కెట్ రేటు (కొత్త బాండ్లు ఇచ్చే వడ్డీ) 8కి పెరిగితే, ఆ రోజు అమ్మితే సుమారు 93 వేలే వస్తాయి. గడువు దాకా ఉంచుకుంటే లక్షకు లక్ష వస్తుంది.

టీచరమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట, సగమైనా అమ్మేయమన్నారు. ఎక్స్ఛేంజీలో లిస్టైన బాండే. అయినా రోజంతా స్క్రీన్ ముందు కూర్చుంటే కొనేవాళ్లే లేరు. మర్నాడు మధ్యాహ్నం వెయ్యి రూపాయల బాండ్ 962కి అడిగారు. నలభై బాండ్లు అమ్ముడుపోయాయి. ఇంకా 460 బాండ్లు ఆవిడ దగ్గరే ఉన్నాయి.