ఒక మాత్ర, వంద మారుపేర్లు

డాక్టరు రాసిచ్చేది మందు, చేలో కొట్టేది మందు, తుపాకిలో కూరేది మందు, సాయంత్రం నలుగురు చేరి పుచ్చుకునేదీ మందే. అయినా మనం పొరబడం. ఎవరు ఎక్కడ అన్నారో దాన్నిబట్టి తెలిసిపోతుంది. పార్టీల్లో చేతులు మారే ఎండీఎంఏ అనే మత్తుమందు సంగతి ఇందుకు తలకిందులు. దానికి పేర్లు కోకొల్లలు, కానీ పేరు విన్నాక కూడా చేతిలో ఉన్నదేమిటో తెలియదు.

1912లో జర్మనీలోని మెర్క్ కంపెనీలో ఆంటన్ కోలిష్ అనే రసాయనవేత్త రక్తస్రావాన్ని ఆపే మందు కోసం చేసిన పనిలో, నడిమధ్య తయారైన పదార్థం ఇది. ఆకలి చంపడానికి పుట్టిందని ఇప్పటికీ రాస్తుంటారు, అది వట్టి పుకారు. తర్వాత దశాబ్దాల పాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1970లలో కాలిఫోర్నియాలో అలెగ్జాండర్ షుల్గిన్ అనే రసాయనవేత్త దాన్ని మళ్లీ తయారుచేసి, లియో జెఫ్ అనే మానసిక చికిత్సకుడికి ఇచ్చాడు. ఆయన దాన్ని ‘ఆడమ్’ అన్నాడు. బైబిల్లో పాపం ఎరగని తొలి మనిషి పేరు. ఎండీఎంఏ అక్షరాలను కాస్త అటూ ఇటూ చేస్తే దాదాపు అదే వస్తుంది కూడా.

చికిత్స గదికి ఆ పేరు సరిపోయింది, బజారుకు సరిపోలేదు. 1980ల మొదట్లో అమ్మకందారులు ‘ఎక్స్టసీ’ అన్నారు, అంటే పరమానందం. నిజానికి ‘ఎంపతీ’ (సహానుభూతి) అనాలిగానీ ఆ మాటకు అర్థం ఎంతమందికి తెలుసు అని ఆ పేరు పెట్టిన వ్యాపారే అన్నాడని చెబుతారు. సరుకు తెలిసినవాడి మాట! డల్లాస్ బార్లలో బహిరంగంగానే అమ్మారు. 1985 జులై 1న అమెరికా నిషేధించింది.

బ్రిటన్‌లో పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది: ‘ఈ’. ‘గ్యారీ’ అన్నవాళ్లూ ఉన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడు గ్యారీ ఆబ్లెట్ ఇంటిపేరుకు ‘టాబ్లెట్’తో ప్రాస కుదిరింది, అంతే. ఐర్లండ్‌లో ‘యోక్’ అంటారు. అంటే ‘ఆ వస్తువు’ అని. పేరు నోటికి రానప్పుడు మనం ‘అదేదో అది’ అంటామే, అలాగన్నమాట.

అమెరికాలో తర్వాత వచ్చిన ‘మోలీ’కి మూలం ‘మాలిక్యూల్’ అంటారు. కల్తీ లేని అణువన్న భరోసా ఆ పేరులోనే ఉంది. ల్యాబుకు పంపి చూస్తే, చాలాసార్లు అందులో ఉన్నది మెథిలోన్ వంటి వేరే రసాయనం.

మన దగ్గర ‘ఎండీ’ అంటే డాక్టరు బోర్డు మీది డిగ్రీ, లేదా కంపెనీ పెద్ద. ముంబయి వీధుల్లో మాత్రం ఎక్కువగా మెఫెడ్రోన్ అనే మరో మత్తుమందు. ఎండీఎంఏ కాదు, దాని పొట్టిపేరూ కాదు. రసాయన నామంలోని ‘క్యాట్’ పిల్లిగా మారి, దీనికి ‘మ్యావ్ మ్యావ్’ అనే పేరూ తగిలిందంటారు. 2015లో మన మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. వార్తలో ఉత్త ‘ఎండీ’ కనబడితే ఏదో తేల్చుకోవడం కష్టమే.

ఈ గందరగోళంలో ప్రాణం తీసేది పీఎంఏ అనే ఇంకో రసాయనం. ఎక్స్టసీ పేరుతోనే అమ్ముతారు. ప్రభావం ఆలస్యంగా మొదలవుతుంది. పనిచేయలేదనుకుని ఇంకొకటి మింగుతారు, ఒంట్లో వేడి అదుపు తప్పుతుంది.

చేతిలో ఉన్నదేమిటో చూడటానికి ఒక రంగు పరీక్ష ఉంది. గంధకామ్లంలో ఫార్మాల్డిహైడ్ కలిపితే మార్క్విస్ ద్రావణం. గీకిన పొడి మీద ఒక చుక్క వేస్తే, ఎండీఎంఏ అయితే ఊదా రంగు లేచి క్షణాల్లో నల్లబడుతుంది. మెథిలోన్ పసుపుపచ్చగా తేలుతుంది. పీఎంఏ మీద చుక్క రంగు మారదు. ఎండీఎంఏ, పీఎంఏ రెండూ కలిసుంటే, ఆ నలుపు చాటున పీఎంఏ దాక్కుంటుంది.