పాలియేటివ్ కేర్ పరిశోధన: స్కోర్లు చాలవా, ముచ్చట కూడా రాయాలా?

వరంగల్‌లో పీజీ థీసిస్ ప్రోటోకాళ్లు (పరిశోధన ప్రణాళికలు) పెట్టే కాలం వచ్చిందంటే ఈ పేచీ మళ్లీ లేస్తుంది: పాలియేటివ్ కేర్‌లో, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యంలో, నొప్పి స్కోర్లు లెక్కేస్తే చాలా, రోగుల మాటలు కూడా రాసుకోవాలా?

ఈ పేచీలో అసలు మలుపు 1995. తీవ్రంగా జబ్బుపడ్డ రోగులపై అమెరికాలోని అయిదు బోధనాసుపత్రుల్లో చేసిన ‘సపోర్ట్’ అధ్యయనం ఫలితాలు ఆ ఏడాదే వచ్చాయి. మొదటి దశలో 4,301 మంది రోగులు, రెండో దశలో 4,804 మంది. రెండో దశలో శిక్షణ పొందిన నర్సులు రోగులతో, ఇంటివాళ్లతో మాట్లాడి వాళ్ల కోరికలు డాక్టర్లకు చేరవేశారు. అయినా నొప్పి తగ్గలేదు, ఐసీయూ రోజులూ తగ్గలేదు. అంత పెద్ద లెక్క ‘పనిచేయలేదు’ అని తేల్చింది గానీ, ఎక్కడ తెగిందో చెప్పలేకపోయింది. పాలియేటివ్ కేర్ పరిశోధన ఎలా చేయాలో చెబుతూ 2013లో బ్రిటన్‌లో వెలువడ్డ మోర్‌కేర్ సిఫార్సులు అంకెలు, మాటలు రెండు పద్ధతులూ కలపమన్నాయి. అధ్యయనం మధ్యలో తప్పిపోయిన రోగులను చనిపోయినవాళ్లు, జబ్బు ముదిరినవాళ్లు, వేరే కారణాలతో రానివాళ్లు అని విడిగా చూపమన్నాయి. మన దగ్గర 2014లో మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం సవరించి, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ అనుమతులు సులువు చేశారు. అంతకుముందు జిల్లాల్లో కొలుద్దామన్నా మందే కరువు.

అంకెల పక్షం వాదన చిన్నది: పదిహేను మంది మాటలతో ఏం రుజువవుతుంది? న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పదిహేను మందిని రుజువు కోసం ఎంచరు, స్కోరు వెనక ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎంచుతారు.

నోటి క్యాన్సర్ రోగి నొప్పి స్కోరు ఆసుపత్రిలో చేరిన రోజు పదికి 8, వారం తర్వాతా 8 అనుకోండి. షీట్‌లో అది మందు ఓడినట్టే. పక్కన కూర్చుని అడిగితే, నాలుగు గంటలకోసారి వేయాల్సిన మార్ఫిన్ గోలీ ‘ఓర్వలేనప్పుడే’ వేస్తున్నారని, మలబద్ధకానికి భయపడి రాత్రి గోలీ మానేశారని తెలుస్తుంది. స్కేలుదీ ఓ చిక్కే. ‘పదిలో ఎంత?’ అంటే ‘మీరే రాయుండ్రి సారూ’ అనే పెద్దాయన, ‘రూపాయిల ఎంత తగ్గింది?’ అంటే ఠక్కున ‘ఆఠాణ’ (ఎనిమిది అణాలు, అంటే సగం) అనొచ్చు. అలాగని 5 వేయకూడదు. ఆఠాణ చెప్పేది నొప్పి ఎంత తగ్గిందో, 5 చెప్పేది ఇప్పుడెంత ఉందో.

అందుకే స్కోరు తగ్గినవాళ్లు, తగ్గనివాళ్లు, ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లు, మూడు గుంపుల నుంచీ మనుషులను ఎంచాలి. స్కోరు తీసిన రెండు రోజుల్లోపే మాట్లాడాలి, ఆలస్యమైతే మనిషి దక్కకపోవచ్చు. ఇరవై నిమిషాలు దాటకూడదు. గోలీలిచ్చే నర్సు అడిగితే ‘మంచిగనే ఉంది’ అనే జవాబే వస్తుంది, కాబట్టి అడిగేవాళ్లు వేరే ఉండాలి. కొడుకునో కోడలినో విడిగా అడగాలి. చివరికి ఒక్కో రోగికి ఒక్కో వరుస: స్కోరు, వేసిన గోలీలు, అన్నమాట. ఈ పట్టిక ప్రోటోకాల్‌లోనే గీయాలి. చాలా థీసిస్‌లు దెబ్బతినేది ఇక్కడే: అంకెలకో అధ్యాయం, మాటలకో అధ్యాయం, రెంటికీ పొత్తుండదు.

ప్రోటోకాళ్లను పరిశీలించే కమిటీల అభ్యంతరాల్లో తీసిపారేయలేనిది ఒకటుంది. గంట రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా రాయడానికి అయిదారు గంటలు పడుతుంది, డ్యూటీల మధ్య పీజీ ఒక్కరే అది చేయాలి.