వేలిముద్ర పడకపోతే కూలి పోవాల్సిందేనా?

ఉపాధి హామీ పథకం కూలీల హాజరు, ఆధార్ చెల్లింపుల గొడవ మళ్లీ రాజుకుంది. పనిచోట రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో 2023 జనవరి 1 నుంచి, ఆధార్ ఆధారిత చెల్లింపు (ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే కూలి) 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. దొంగ మస్టర్లు, అంటే పనికి రానివాళ్లకు వేసే హాజరు, ఆగుతాయన్నది కేంద్రం వాదన.

2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలైన కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి తగువుకు మూలం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర చూసి కూలి డబ్బిచ్చిన స్మార్ట్‌కార్డుల్లో ఉంది. అంతకుముందు కూలి డబ్బుకు పోస్టాఫీసు చుట్టూ తిరగాలి. కార్డులొచ్చాక డబ్బు ఊళ్లోకే వచ్చింది. పంచేది ఆ ఊరి మనిషే, ఎక్కువగా డ్వాక్రా సంఘం మహిళ. ఊరి అధికారులకు బంధువు కాకూడదని షరతు కూడా పెట్టారు.

ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 8 జిల్లాల్లో దీన్ని పరీక్షించారు. లాటరీ పద్ధతిలో 112 మండలాలకు కార్డులు ముందు, 45 మండలాలకు చివర. ముందు అందిన చోట కూలి 6 నుంచి 10 రోజులు తొందరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. బయోమెట్రిక్‌ను సమర్థించేవాళ్లు ఈ అంకెలు చెబుతారు. కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలోనే డబ్బిచ్చారన్న సంగతి చెప్పరు. రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులే కార్డుల మీదికి మారాయి. ఎవరి కూలీ ఆపలేదు.

అయినా 2013లో ఆ స్మార్ట్‌కార్డుల పద్ధతి రద్దు దాకా వెళ్లింది. మధ్యలో మాయం చేసే రాబడి పోయిన స్థానిక నాయకుల ఫిర్యాదులు పైకి చేరాయి, కూలీల మాట చేరలేదు. కూలీలను అడిగి చూస్తే 90 శాతానికి పైగా కార్డే కావాలన్నారు. ఆ సర్వే ఆసరాతోనే అది నిలబడింది.

తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేశారు. అదే ముగ్గురు అక్కడా లెక్క తీశారు. ఆ ఒక్క చర్యతో సరుకుల మళ్లింపు తగ్గలేదు. ఆధార్ లింకు కాని 23 శాతం మందికి అందే సరుకుల విలువ మాత్రం సగటున 10 శాతం పడిపోయింది. డీలర్ల నిల్వలు సరిచూశాక మళ్లింపు తగ్గినా, ఆ భారం రేషన్ కార్డుదారుల మీదా పడింది.

ఇప్పుడు చెరువు గట్టున సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే హాజరు సరిచేయడానికి జిల్లా స్థాయి అనుమతి కావాలి. తట్ట దించి జిల్లా కేంద్రానికి బస్సెక్కితే, రెండో రోజు కూలి కూడా పోతుంది.