రోకలిబండకు ఎంత మట్టి కావాలి?

గుణుపురం నుంచి ప్లస్ టూ చదివే అమ్మాయి అడిగింది: "ఆఫ్రికా రోకలిబండలను (మిల్లిపీడ్‌లను) గాజు పెట్టెల్లో పెంచుతున్నారట. తొలకరికి మా పెరట్లో తిరిగే ఎర్రవాటిని నేనూ పెంచవచ్చా?"

నిక్షేపంగా పెంచవచ్చు. పెట్టె ఎలాంటిదైనా ఫరవాలేదు, అందులో మట్టి ఎంత లోతన్నదే ముఖ్యం. ఎందుకో దాని కాళ్లే చెబుతాయి.

జెర్రి వేటాడుతుంది కనుక దానికి పరుగు కావాలి. కుళ్లిన ఆకులు తినే రోకలిబండకు మట్టిలోకి దూసుకుపోయే బలం కావాలి. రాయగడ స్టేషనులో ఆగే గూడ్సు బండినే తీసుకోండి. ప్రతి పెట్టెకూ ఒక ఇంజన్ బిగించి, బండి మొత్తాన్ని మట్టిగోడలోకి నెట్టమంటే ఏమవుతుంది? లింకులు ఎక్కువైతే బండి నడుమ మడతపడుతుంది. రోకలిబండ తన ఒంటిలోని రెండేసి ఖండాలను ఒకే వలయంగా కలిపేసుకుంది. లింకులు సగమయ్యాయి, వలయానికి రెండు జతల కాళ్లు దక్కాయి. (తల వెనక వలయానికి కాళ్లే ఉండవు, తరువాతి మూడింటికి ఒక్కొక్క జతే.) ఇంజన్లన్నీ ఒకేసారి ఆగినా బండి వెనక్కి జారుతుంది. అందుకే కాళ్ల కదలిక తోక నుంచి తల వైపు అలలా సాగుతుంది. గాలిలో ఉండేవి కొన్ని, నేలను తన్నేవి ఎక్కువ. వేగం పోయినా తోపు మిగులుతుంది. ఘాటు ఎక్కే గూడ్సుకు అదనపు ఇంజన్ తగిలిస్తారు. దీనికైతే ఇంజన్లతో సహా పెట్టెలే మొలుస్తాయి! మూడు జతల కాళ్లతో మొదలై, కుబుసం విడిచే కొద్దీ తోక దగ్గర కొత్త వలయాలు చేరుతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 60 మీటర్ల లోతున దొరికిన యూమిలిపెస్ పెర్సిఫోనీ అనే రోకలిబండ 1,306 కాళ్లతో 2021లో శాస్త్రలోకానికి పరిచయమైంది. వెయ్యి దాటిన మొదటి జీవి అదే!

ఇంతటి తవ్వుడు యంత్రానికి అంగుళం మట్టి వేస్తే అన్యాయం. కనీసం దాని ఒంటి పొడవంత లోతు ఉండాలి. మట్టిలో కుళ్లిన ఆకులు, మెత్తబడిన చెక్క, గుడ్డు పెంకుల పొడి కలపాలి. రోకలిబండ ఒంటి పెంకులో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది మరి. తడి ఆరకూడదు. కుబుసం విడవడానికి అడుగున గది చేసుకుంటుంది. కనబడలేదని తవ్వవద్దు. విడిచిన కుబుసాన్ని కూడా తనే తినేస్తుంది.

కుడుతుందని, చెవిలో దూరుతుందని భయపెట్టేవారు మా పర్లాకిమిడిలోనూ ఉన్నారు. విషపు గోళ్లు జెర్రివి. బడిలో రెండింటినీ ఒకే బొమ్మలో ఇరికిస్తే పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది? ఎర్రది వదిలేది బెంజోక్వినోన్లు అనే ఘాటు రసాయనాలు: చర్మంపై గోధుమరంగు మరక, కంట్లో పడితే మంట. పాలిడెస్మిడా అనే రోకలిబండల వర్గంలోనివైతే మాండెలోనైట్రైల్ అనే రసాయనాన్ని విడగొట్టి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువునే పుట్టిస్తాయి. కాబట్టి మూతకు గాలి రంధ్రాలు పెట్టమ్మా. పట్టుకున్నాక చేతులు కడుక్కో.

నక్షత్ర తాబేలును పెంచవచ్చా అనీ అడిగావు. అది మాత్రం కుదరదు, వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడమే నేరం.